ఓవెన్ తలుపు మీద సాక్సులు

"పిల్ల ఉద్యోగం పోతుంది బెరిల్. నా మాట రాసిపెట్టుకో. ఈ ఉత్తరం చేరిన మర్నాడే దాని బల్ల ఖాళీ చేయించి, టీ కప్పూ పూలమొక్కా అట్టపెట్టెలో పెట్టించి ఇంటికి పంపేస్తారు."

జానిస్ ఓల్డ్‌రాయిడ్ ఈ మాట అనేటప్పటికి ఉత్తరం ఇంకా మొదలే కాలేదు. పక్కింటి బెరిల్ స్టోక్స్ వంటింటి బల్ల మీద కాగితం సాపు చేసి, పెన్ను మూత తీసి, టీ ఒక గుక్క తాగింది, అంతే.

"ముందు రాయనీ, తర్వాత ఏడుద్దువుగాని," అంది బెరిల్. "పేరు నాది, ఇంటి నంబరు నాది, చేతిరాత నాది. నీ కూతురికి ఎట్లా తెలుస్తుందే? వాసన చూసి పట్టేస్తుందా?"

"పట్టేస్తుంది. దాని ముక్కు వాళ్ల నాన్న ముక్కు."

క్రాగ్‌థార్ప్ ఎంపీ డొమినిక్ లస్కోమ్ గారి ఊరి ఆఫీసులో జానిస్ కూతురు హేజెల్‌కి రెండేళ్ల నుంచి ఉద్యోగం. జనం రాసే ఉత్తరాలు విప్పడం, చదవడం, వాటికి జవాబులు పంపించడం దాని పని. ఓల్డ్‌రాయిడ్ల ఇంట్లో మెడకి గుర్తింపు కార్డు తగిలించుకుని, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం సంపాదించిన మొదటి మనిషి అది. కూతురు ఉత్తరాలు విప్పే చోటికే తల్లి ఎదురు ప్రశ్న రాసి పంపితే ఏమవుతుంది? జానిస్ వారం రోజులు అదే ఆలోచించింది. ఉద్యోగం పోతుంది, అది ఉంటున్న అద్దె గది పోతుంది, పేపర్లో పడుతుంది, పేపర్లో పడ్డాక ఇంకెవరూ పనిలో పెట్టుకోరు. అక్కడిదాకా వెళ్లి ఆగేది ఆమె మనసు. ఆగి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేది.

అయినా రాయక తప్పలేదు. ఆమె భర్త క్లైవ్ ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపాడు. నాలుగేళ్ల నుంచి చేతులకి వణుకు జబ్బు. మంగళవారం, గురువారం ఎల్మ్ రోడ్డులోని డే సెంటరుకి వెళ్తాడు. అక్కడ వాళ్లు అతని కాళ్లూ చేతులూ ఆడిస్తారు, పాటలు పాడిస్తారు, మధ్యాహ్నం భోజనం పెడతారు. ఇంటికొచ్చాక ఆ రెండు రోజులూ అతను మాట్లాడతాడు, మిగతా అయిదు రోజులూ కిటికీలోకి చూస్తాడు. మార్చి ఆఖరుకి ఆ సెంటరు మూసేస్తున్నారు. జానిస్‌కి బడి వంటశాలలో పని. పొద్దున ఏడింటికి వెళ్తే రెండున్నరకి గాని రాదు. ఇప్పటికే వారంలో మూడు రోజులు క్లైవ్ ఇంట్లో ఒక్కడే, సెంటరు పోతే అయిదు రోజులూ అంతే. ఆ ఏడున్నర గంటల్లో మెట్ల మీద నుంచి క్లైవ్ ఎన్ని రకాలుగా పడిపోగలడో ఆమె మనసులో ఎప్పుడో చూసేసింది.

ఎన్నికలప్పుడు లస్కోమ్ ఆ సెంటరు గుమ్మం ముందే నిలబడ్డాడు. వాన పడుతోంది. క్లైవ్ భుజం మీద చెయ్యి వేసి, "ఈ తలుపు మూయాలంటే ముందు నన్ను దాటుకుని వెళ్లాలి" అన్నాడు. ఆ ఫొటో కరపత్రంలో వేశారు. దాని కింద ఇంకో ఫొటో, మిల్ స్ట్రీట్‌లో గుంత పక్కన వంగి వేలు చూపిస్తూ. గెలిచాడు. పోయిన శరత్కాలంలో ఊళ్ల కౌన్సిళ్లకి ఇచ్చే డబ్బు కోసేసే బిల్లు పార్లమెంటుకి వచ్చింది. లస్కోమ్ దానికి ఓటేశాడు. అదేమిటని అడిగితే సెంటరు మూసేది కౌన్సిలు, నేను కాదు అన్నాడు. కౌన్సిల్‌ని అడిగితే లండన్ డబ్బులివ్వకపోతే మేమేం చేస్తాం అన్నారు. ఇద్దరిదీ ఒకే పార్టీ. ఇద్దరూ ఆ సెంటరంటే తమకి ప్రాణమనే అన్నారు.

గుంత కూడా అలాగే ఉంది. వీధిలో వాళ్లు దాన్ని డొమినిక్ అని పిలుస్తారు.

"ఏం రాయమంటావు? త్వరగా చెప్పు, నా సీరియల్ టైమవుతోంది," అంది బెరిల్.

జానిస్ కాగితం మీదకి వంగింది. "ఒకే ముక్క రాయి. ఆ రోజు గుమ్మం ముందు అన్న మాట అబద్ధమా, మొన్న వేసిన ఓటు అబద్ధమా? రెండూ నిజం కావడానికి లేదు కదా అని."

బెరిల్ తలెత్తి ఆమె వంక చూసింది. "బడిలో పిల్లలకి బంగాళాదుంపలు వడ్డించే దానివి, ఇవన్నీ ఎక్కడ నేర్చావే?"

"బడిలోనే. పిల్లలు అబద్ధాలాడితే ఇట్లాగే అడుగుతాం."

* * *

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. దళసరి కాగితం, పైన పార్లమెంటు ముద్ర, కోట గుమ్మం బొమ్మ, కింద నీలి సిరాతో సంతకం. బెరిల్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చింది.

"చదువు. వాడి మీద నాకే జాలేసింది."

జానిస్ కళ్లజోడు పెట్టుకుంది. మొదటి పేరాలో మీ ఆందోళన నాకు పూర్తిగా అర్థమైంది అని ఉంది. రెండో పేరాలో నిర్ణయం కౌన్సిల్‌ది అని ఉంది. మూడో పేరా దగ్గర ఆమె చదవడం ఆపేసింది. మళ్లీ మొదట్నుంచి చదివింది.

'ఇబ్బందుల్లో ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. మా అమ్మ బడి వంటశాలలో పనిచేసేది. ఇంట్లో గ్యాస్ మీటరులో వేసిన డబ్బు అయిపోయి గ్యాస్ ఆగిపోయిన చలి ఉదయాల్లో నన్ను తనతో తీసుకెళ్లి, నా తడి సాక్సులు బడి ఓవెన్ తలుపు మీద ఆరబెట్టి, వెచ్చగా నా కాళ్లకి తొడిగేది. ఉన్నదాంతో సరిపెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఎంత బాధాకరమైన నిర్ణయాలు తీసుకోవాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాను.'

"పాపం, వాడి తల్లీ మనలాంటిదే అన్నమాట," అంది బెరిల్. "నేనేమో పెద్దింటి బిడ్డ అనుకున్నాను. ఏమిటే, అట్లా తెల్లబోయావు?"

జానిస్ కుర్చీలో కూర్చుంది. ఆ సంగతి ఆమె ఎవ్వరికీ చెప్పలేదు. క్లైవ్‌కి కూడా చెప్పలేదు. అప్పట్లో అతను తెల్లవారుజాము బస్సు నడిపేవాడు. మీటరులో వెయ్యడానికి డబ్బుల్లేవని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోయేవాడు. హేజెల్‌కి అప్పుడు ఆరేళ్లు. బట్టలు ఆరేవి కావు. పొద్దున ఏడింటికి, ఇంకా ఎవరూ రాకముందు, బడి వంటశాల వెనక తలుపు తీసి, పిల్లని కూరగాయల పెట్టె మీద కూర్చోబెట్టి, సాక్సులు ఓవెన్ తలుపు మీద వేసేది. ఎవరైనా చూస్తే ఏమవుతుందో అప్పుడూ భయపడింది. ఉద్యోగం తీసేస్తారు, పిల్లని కూడా సంక్షేమ శాఖ వాళ్లు పట్టుకుపోతారు అనుకుంది. ఇరవై ఏళ్లయింది. ఇప్పటికీ ఆ వాసన, తడి ఉన్ని వేడెక్కే వాసన, ముక్కుకి తగిలితే వెనక తలుపు వంక చూస్తుంది.

"ఆ సాక్సులు హేజెల్‌వి," అంది.

బెరిల్ లేచి వాళ్లింటికి వెళ్లింది. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. చేతిలో ముడతలు పడ్డ కరపత్రం. మరకలున్నాయి, మధ్యలో రెండు చోట్ల కొరికేసి ఉంది. లస్కోమ్ మొట్టమొదటిసారి, ఓడిపోయిన ఎన్నికల్లో నిలబడ్డప్పటిది.

"నా చిలక పంజరం అడుగున పరిచాను. ఎన్నికల కాగితాలు దానికే పనికొస్తాయి. ఇక్కడ చూడు, చిలక వదిలిపెట్టిన చోట." బెరిల్ వేలు పెట్టి చదివింది. "దంతవైద్యురాలైన తల్లి దగ్గర సేవాభావం నేర్చుకున్నాను. దంతవైద్యురాలే జానిస్! ఆవిడ ఏ ఓవెన్ మీద ఏం ఆరబెట్టింది? పళ్ల సెట్లా?"

జానిస్ నవ్వలేదు. లస్కోమ్ మీద కోపం రావడానికి ఆమెకి తీరిక లేదు. ఆమె ఆలోచన అంతా ఆ మూడో పేరా మీదే ఉంది. అది ఎవరు రాసి ఉంటారు? రాసేటప్పుడు వాళ్ల మొహం ఎలా ఉంది? తన సిగ్గుని తన పిల్లే తీసుకెళ్లి బజార్లో పెట్టిందా? లేక ఎవరో లాక్కున్నారా? ఈ రెండింట్లో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోయింది.

"శనివారం వాడు లైబ్రరీలో కూర్చుని జనాన్ని కలుస్తాడు," అంది బెరిల్. "నా పేరు మీద టైము తీసుకుంటా. నువ్వు నాకు తోడు."

"నేను రాను. హేజెల్ కూడా అక్కడే ఉంటుంది."

"ఉంటే ఉండనీ."

"వస్తే నోరు విప్పను."

"విప్పకు. నీ నోరు కూడా నాకే ఇచ్చెయ్. నేను రెండూ వాడతాను."

* * *

శుక్రవారం సాయంత్రం హేజెల్ ఎప్పటిలాగే మూడు పొట్లాల చేపలూ చిప్సూ పట్టుకుని వచ్చింది. కోటు విప్పకుండానే తండ్రి పక్కన కూర్చుని, అతని చేప ముక్కలు చేసి, ముల్లు ఏరి, ఫోర్కు అతని చేతిలో పెట్టింది. క్లైవ్ చెయ్యి వణికితే తన చెయ్యి కింద ఊరికే ఆనించి ఉంచింది. ఎవరూ నేర్పలేదు దానికి. ఇంత మంచి పిల్ల ఆ ఉత్తరం ఎట్లా రాస్తుంది అనుకుంది జానిస్. మరుక్షణమే, ఇంత బాగా రాసేది ఇదొక్కతే కదా అనుకుంది.

"అలిసిపోయావు," అంది తల్లి. "రక్తం లేదు మొహంలో. డాక్టరుకి చూపించుకో."

"అమ్మా, నువ్వు నన్ను పుట్టినప్పటి నుంచీ డాక్టరుకి చూపించుకోమంటున్నావు." హేజెల్ నవ్వింది. "నాలుగొందల ఉత్తరాలొచ్చాయి, సెంటరు గురించే. అన్నిటికీ జవాబు పంపాం. ఒక్కటి కూడా వదల్లేదు."

"ఆయనే రాస్తారా?"

"ఆయనకి ఎక్కడ తీరుతుంది? ఒక నమూనా ఉంటుంది. పేర్లు మారుస్తాం."

"నమూనా ఎవరు రాస్తారు?"

హేజెల్ చిప్స్ మీద వెనిగర్ పోసుకుంది. అప్పటికే ఒకసారి పోసుకుంది. "అందరం కలిసి రాస్తాం. ఎందుకు?"

"ఊరికే." జానిస్ బల్ల మీద లేని మరక తుడిచింది. "ఆఫీసులో నీ చిన్నప్పటి సంగతులవీ చెప్తుంటావా?"

హేజెల్ తండ్రి చేతిలో ఫోర్కు సరిచేసింది.

"ఒకసారి చెప్పాను," అంది హేజెల్. "ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఇదెందుకు కావాలి నీకు అని అడిగారు. చెప్పాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడమ్మా. నిజంగా. అందుకే ఈయన దగ్గర చెయ్యాలనిపించింది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? తిను, చల్లారిపోతోంది." తల వంచుకుని ఇంకో మాట అంది, తండ్రికి వినబడనంత చిన్నగా. "ఆయన మొదటి ప్రసంగంలో 'నాకు తెలిసిన ఒక అమ్మాయి' అనే రాశాను. రెండోసారికి ఆ అమ్మాయి పోయి 'నేను' అని వచ్చింది. నేనేం అంటానమ్మా? ఇంకో ఉద్యోగం ఎక్కడుంది ఈ ఊళ్లో?"

పిల్లని ఎందుకు అడిగానా అనుకుంది జానిస్. అడక్కపోయినా బాగుండేది కాదు. రేపు లైబ్రరీకి వస్తున్నానని చెబుదామనుకుంది. చెప్తే పిల్ల రావద్దంటుంది. రావద్దంటే తను మానేస్తుంది. ఇరవై ఏళ్లుగా తను చేసిందదే, ఎవరైనా చూస్తారేమోనని వెనక తలుపు తీసి వెళ్లడం. చెప్పలేదు.

* * *

శనివారం పదింటికి లైబ్రరీ గుమ్మంలో ఒక కాపలా మనిషి సంచులు వెతుకుతున్నాడు. ఎంపీల మీద దాడులు జరిగినప్పటి నుంచీ అంతే.

"కత్తీ బాంబూ ఏమీ లేవు నాయనా," అంది బెరిల్ సంచి తెరిచి. "మా స్నేహితురాలి భయం ఒకటుంది. చాలా పెద్దది. దాన్ని లోపలికి రానిస్తారా?"

లోపలి గది చిన్నది. బల్ల వెనక లస్కోమ్, చేతులు మడిచిన చొక్కా, అలిసిన మొహం, మంచి చిరునవ్వు. మూలగా ఇంకో చిన్న బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు హేజెల్. జాబితాలో బెరిల్ పేరు చూసింది కాబట్టి పక్కింటావిడని చూసి తలూపింది. బెరిల్ వెనక నుంచి తల్లి రాగానే దాని చేతులు కీబోర్డు మీద అలాగే ఆగిపోయాయి. జానిస్ కళ్లతోనే 'నేనేం మాట్లాడనమ్మా' అన్నట్టు చూసింది. పిల్లకి అర్థమైందో లేదో.

"రండి బెరిల్ గారూ, కూర్చోండి. నన్ను డొమినిక్ అనండి చాలు."

"వద్దులెండి. ఆ పేరు మా వీధిలో వేరేదానికి పెట్టుకున్నాం," అంది బెరిల్.

అతనికి అర్థం కాలేదు, అయినా నవ్వాడు. బెరిల్ సెంటరు సంగతెత్తింది. అతను చాలా ఓపిగ్గా విన్నాడు. మధ్యలో ఆపలేదు. వినడం బాగా వచ్చు అతనికి. అందుకే జనం ఓటేశారు. అంతా విన్నాక ముందుకి వంగి, గొంతు తగ్గించాడు.

"మీకో సంగతి చెప్తాను. ఈ ఓటు వేసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. బడి వంటశాలలో పనిచేసేది. చలికాలం నా సాక్సులు ఓవెన్ తలుపు మీద..."

మూల బల్ల దగ్గర కీబోర్డు చప్పుడు లేదు. జానిస్ అటు చూడలేదు. అతని మొహమే చూస్తోంది. అతను అబద్ధం చెప్తున్న మనిషిలా లేడు. కళ్లు తడిగా ఉన్నాయి. అది చూసే ఆమెకి ఎక్కువ భయం వేసింది. చెప్పి చెప్పి ఆ కథ అతని లోపలికి వెళ్లిపోయింది. ఇంకా నాలుగేళ్లు పోతే ఆ పిల్ల ఎవరో, ఆ తల్లి ఎవరో ఎవరికీ తెలియదు. ఎల్మ్ రోడ్డు సెంటరు మూసేటప్పుడు కూడా ఆ సాక్సులే చూపిస్తారు. ఇంకో ఊళ్లో ఇంకోటి మూసేటప్పుడూ అవే. తన భయాన్ని తనకే వడ్డిస్తున్నారు, పళ్లెం మీద మూత పెట్టి.

"అవి ఏ రంగువి?"

ఎవరో అడిగారనుకుంది. అడిగింది తనే.

"ఏమన్నారండీ?" అన్నాడు లస్కోమ్. బెరిల్ కూడా ఆమె వైపు తిరిగింది.

"ఆ సాక్సులు బాబూ. మీ అమ్మగారు ఆరబెట్టినవి." జానిస్ చేతులు సంచి పట్టీని నులుముతున్నాయి. "బడి సాక్సులు కదా. ఒక చలికాలమంతా రోజూ వేసుకున్నారు. ఏ రంగువి?"

"అదీ... చాలా ఏళ్ల కిందటి మాట కదండీ..."

"మరిచిపోయేవి కావు అవి. నేను బడి వంటశాలలోనే చేస్తాను. తడి ఉన్ని వేడెక్కితే వచ్చే వాసన మరిచిపోవడం ఎవరి తరం కాదు. రంగు ఒక్కటి చెప్పండి, వెళ్లిపోతాను."

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. హేజెల్ వైపు చూశాడు, ఎప్పుడూ చూసే అలవాటుతో, కాగితం అందిస్తుందన్నట్టు. హేజెల్ బల్ల మీదకి చూస్తోంది. దాని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు టీచరు నిలబెట్టినప్పుడూ అంతే ఎర్రబడేవి.

హీటరు టిక్కుటిక్కుమంటోంది. గోడ అవతల పిల్లల గదిలో ఎవరో కథ చదువుతున్నారు, ఎలుగుబంటి గొంతు పెట్టి. బయట వరసలో నిలబడ్డవాళ్లలో ఒకాయన దగ్గాడు. బెరిల్ అంతసేపు నోరు మూసుకోవడం ముప్ఫై ఏళ్లలో జానిస్ ఎప్పుడూ చూడలేదు. లస్కోమ్ చొక్కా చేతి మడత విప్పాడు, మళ్లీ మడిచాడు. పొరపాటు చేశాను అనుకుంది జానిస్. అట్టపెట్టె, టీ కప్పు, పూలమొక్క, పిల్ల ఒక్కతే బస్టాండులో నిలబడి ఉండటం, అన్నీ వరసగా కళ్ల ముందు నడిచాయి. పోనీలెండి, వదిలెయ్యండి అనబోయింది. లేవబోయింది కూడా.

అప్పుడు మూల నుంచి ల్యాప్‌టాప్ మూత మూసిన చప్పుడైంది.

"ముదురాకుపచ్చవి డొమినిక్ గారూ," అంది హేజెల్. "కుడికాలిది మడమ దగ్గర చిరిగితే అమ్మ ఎర్ర ఊలుతో కుట్టింది. ఆకుపచ్చది ఇంట్లో లేదు. పిల్లలు చూసి నవ్వుతారని నేను బూటు విప్పేదాన్ని కాదు."